చాయ్ అయింది, మషవరా కాలేదు

మన ఇళ్లలో "మీటింగ్‌కి పోయారు" అంటే ఒకటే అర్థం. ఈ రాత్రి దస్తర్‌ఖాన్ ఆలస్యంగా పరుస్తారు. ఇషా తర్వాత మొదలైన కమిటీ మీటింగు పదకొండు దాటినా తెగదు. ఇంటికొచ్చిన మనిషిని "క్యా హువా మీటింగ్ మే?" అని అడిగితే "కుచ్ నై, చాయ్ పీకే ఆగయే" అంటాడు. ఇంట్లోవాళ్లు నవ్వుకుని అన్నం వడ్డిస్తారు. నాకైతే ఆ జవాబులో నవ్వొచ్చేదేమీ కనిపించదు. పన్నెండుమంది మూడు గంటలు కూర్చుంటే ముప్ఫై ఆరు గంటలు. ఒక మేస్త్రీకి నాలుగున్నర దినాల పని అది. అందులో ఒక గోడ లేచేది.

అఖ్బారు నౌకరీలో నేను చూసినన్ని మీటింగులు బహుశా ఏ సదర్ సాబూ చూసి ఉండడు. మునిసిపల్ కౌన్సిళ్లు, యూనివర్సిటీ పాలకమండలి గది బయట బెంచీలు, మస్జిద్ కమిటీలు, షాదీఖానా కమిటీలు, ఉర్దూ మీడియం బడుల కమిటీలు. చూసి చూసి నాకొక రాయ్ ఏర్పడింది. మన మీటింగులు పాడయ్యేది మనవాళ్లకు వక్త్ కీ పాబందీ లేక కాదు. అది ఉత్త బహానా. ఇదే మనుషులు రైలుకు గంట ముందు స్టేషన్లో ఉంటారు. అసలు రోగం వేరు. ఫైసలా అంతకుముందే అయిపోయి ఉంటుంది. సదర్ సాబ్ వరండాలోనో, ఇరానీ హోటల్ మూల టేబుల్ దగ్గరో ముగ్గురు కూర్చుని తేల్చేస్తారు. మిగతా అర్కాన్‌ను పిలిచేది దస్తఖత్ కోసం. ఆ సంగతి పిలిచినవాళ్లకూ తెలుసు, వచ్చినవాళ్లకూ తెలుసు. తెలిసిన మనిషి వేళకు ఎందుకొస్తాడు? వచ్చి నోరెందుకు తెరుస్తాడు?

అందుకే ఎజెండా, కోరం, రూదాద్ అనే మాటలు వినగానే "దఫ్తరీ తంతు" అని విసుక్కునేవాళ్లతో నాకు ఇత్తెఫాఖ్ లేదు. ఈ తంతంతా పుట్టింది వరండా ఫైసలాలను గదిలోకి లాగడానికే.

ఒక సంగతి చెప్తాను. హెన్రీ రాబర్ట్ అనే అమెరికా ఫౌజీ ఇంజినీరును 1863లో న్యూ బెడ్‌ఫర్డ్ అనే ఊళ్లో ఒక చర్చి మీటింగుకు సదారత్ చేయమన్నారు. ఆయనకు ఆ పని తెలియదు. మీటింగు చేయిదాటిపోయింది. ఆ షర్మిందగీతోనే సభ ఎలా నడపాలో చదవడం మొదలుపెట్టి, 1876లో ఒక కితాబు అచ్చువేశాడు. ఇవాళ్టికీ అమెరికాలో సంఘాలు, సభలు దాన్నే ముందు పెట్టుకుంటాయి. నాకు ఇందులో నచ్చేది ఏమిటంటే, అది పార్లమెంటులో పుట్టిన కితాబు కాదు. ఒక ఇబాదత్‌ఖానా కమిటీ గొడవలో పుట్టింది. మన మొహల్లా మస్జిద్‌లో జరిగే తకరార్ లాంటిదే అనుకోండి. ఆ కితాబులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించే ఉసూల్ చాలా చిన్నది. ఒకసారి మాట్లాడినవాడు, ఇంకా మాట్లాడనివాడు చేయెత్తితే, రెండోసారి మాట్లాడకూడదు. అంతే. ఈ ఒక్కటి మన కమిటీల్లో పెడితే సగంమంది పెద్దమనుషులు రాజీనామా చేస్తారు.

ఇప్పుడు కడప జిల్లాలో ఒక ఊరికి పోదాం. పేరెందుకు, మీ ఊరే అనుకోండి. అక్కడి ఉర్దూ మీడియం అప్పర్ ప్రైమరీ బడిలో కమిటీ మీటింగు. వార్త కోసం పోయాను, వెనక బెంచీలో కూర్చున్నాను. పని దినం, పగలు పదకొండు గంటలకు పెట్టారు. కూలికి పోయే తండ్రి పదకొండుకు ఎట్లా వస్తాడో పెట్టినవాళ్లకే తెలియాలి. తల్లులు వచ్చారు, ఏడెనిమిది మంది, తలుపు పక్కన చాప మీద కూర్చున్నారు. కుర్చీలు మగవాళ్లకు. బడికొచ్చిన గ్రాంటు ఖర్చు లెక్క హెడ్‌మాస్టర్ సాబ్ రెండు నిమిషాల్లో చదివేశాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఆ తర్వాత యానివర్సరీకి మెహమానె ఖుసూసీ ఎవరు, ఆయనకు కప్పే శాలువా ఎంతలో తేవాలి, ఫ్లెక్సీలో ఎవరి ఫొటో పైన, ఎవరిది కింద అన్న బహస్ మొదలైంది. గంటా పది నిమిషాలు. గడియారం చూసి రాసుకున్నాను, అది నా పాత అలవాటు.

అందరూ లేస్తుండగా చాప మీద నుంచి ఒక ఖాలా అన్నది: "సాబ్, ఆడపిల్లల లెట్రిన్ తలుపుకు గొళ్లెం లేదు. ఒక పిల్ల లోపలికి పోతే ఇంకో పిల్ల బయట పట్టుకుని నిలబడుతోంది. నా బిడ్డ పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేసింది."

"వచ్చే మీటింగ్‌లో చూద్దాం ఖాలా" అన్నాడు సదర్ సాబ్. చెడ్డవాడు కాదాయన. మర్యాదగానే అన్నాడు.

మూడు నెలల తర్వాత ఇంకో పనిమీద అదే బడికి పోయాను. గొళ్లెం లేదు. రిజిస్టరు చూపించమని అడిగాను. ఆ రోజు పేజీలో ఉన్నది ఇదీ: ముఖ్య అతిథిగా ఫలానావారిని ఆహ్వానించుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది. టీ, బిస్కట్ల ఖర్చు ఆమోదించడమైనది. కింద దస్తఖత్‌లు, వేలిముద్రలు. గొళ్లెం మాట ఎక్కడా లేదు. ఆ ఖాలా వేలిముద్ర మాత్రం ఉంది.

శాలువాకు గంట పట్టి గ్రాంటుకు రెండు నిమిషాలు సరిపోవడం మనవాళ్లకే సొంతమైన ఐబ్ కాదు లెండి. పార్కిన్సన్ అనే ఇంగ్లీషు తారీఖ్ ప్రొఫెసర్ 1957లో అచ్చయిన కితాబులో దీన్నే ఎగతాళి చేశాడు. సింగపూర్‌లో పాఠాలు చెప్పేవాడాయన. ఆయన కల్పించిన కమిటీ ముందు కోటి పౌండ్ల అణు రియాక్టర్ ఒకటి, 350 పౌండ్ల సైకిల్ షెడ్ ఒకటి వస్తాయి. రియాక్టర్ రెండున్నర నిమిషాల్లో పాసవుతుంది. సైకిల్ షెడ్ ముప్పావు గంట తింటుంది. రియాక్టర్ ఎవరికీ అర్థం కాదు, అర్థం కాలేదని ఒప్పుకోవడానికి ఎవరికీ ధైర్యం లేదు. షెడ్ అందరికీ తెలుసు, దానిమీద ప్రతివాడికీ ఒక రాయ్ ఉంటుంది. మన దగ్గర షెడ్ జాగాలో శాలువా. కానీ పార్కిన్సన్ చెప్పనిది ఒకటి మన దగ్గర ఉంది. గొళ్లెం అందరికీ అర్థమయ్యే చిన్న విషయమే, వంద రూపాయల్లోపు పని. అయినా దానిమీద బహస్ జరగలేదు. ఎందుకంటే అది తెలిసినవాళ్లు చాప మీద ఉన్నారు, బహస్ కుర్చీల్లో జరిగింది.

ఖానూన్ చూస్తే ఆ చాపకే ఎక్కువ హక్కుంది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులకు తగ్గకుండా తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. సగంమంది ఔరతులు ఉండాలి. బడి ఎలా నడుస్తోందో చూడటం, గ్రాంటు ఎలా ఖర్చవుతోందో చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం వాళ్ల పని. సమగ్ర శిక్షా కింద బడికొచ్చే కాంపోజిట్ గ్రాంటులో కనీసం పది శాతం సఫాయికి, మరుగుదొడ్ల బాగుకు పెట్టాలన్న నియమం కూడా ఉంది. అంటే గొళ్లేనికి పైసలు ఉన్నాయి. జిమ్మేదార్లు ఉన్నారు. మీటింగు కూడా జరిగింది. ఇన్ని ఉండి పని కాలేదంటే, మీటింగు నడిపిన తీరులోనే ఖరాబీ ఉందని ఒప్పుకోవాలి.

"మా ఔరతులు మాట్లాడరండీ" అంటారు. మాట్లాడరు నిజమే, సదర్ సాబ్ ముందే తన రాయ్ చెప్పేశాక ఎవరు మాత్రం మాట్లాడతారు? దీనికి ఇలాజ్ మన ఫౌజులోనే ఉంది. కోర్టు మార్షల్‌లో ఫైసలా ఇచ్చేటప్పుడు సభ్యుల అభిప్రాయాన్ని అందరికన్నా కింది ర్యాంకు అఫ్సరుతో మొదలుపెట్టి అడుగుతారు. పెద్ద అఫ్సరు ముందు చెప్తే చిన్నవాడు దాన్నే మళ్లీ చెప్తాడని వాళ్లకు తెలుసు. హుకుం మీద నడిచే ఫౌజే ఈ ఎహతియాత్ పాటిస్తుంటే, మషవరా అని పేరు పెట్టుకున్న మనకు ఏమైంది? చాప మీద ఉన్నవాళ్లతో మొదలుపెట్టండి. ఒక్కొక్కరి వంతు రానివ్వండి. "ఏమీ లేదు భయ్యా" అని దాటేసినా ఫరవాలేదు, రెండో మీటింగుకు చెప్తారు. సదర్ ఆఖర్న మాట్లాడాలి. సదారత్ అంటే ఎక్కువ మాట్లాడే హక్కు అని మనకెవరు నేర్పారో నాకు తెలియదు.

ఖుర్ఆన్‌లో షూరా పేరుతో ఒక సూరానే ఉంది. ఖందక్ తవ్వుదామన్న సలహా సల్మాన్ ఫార్సీ (రజి)దని మన తక్రీర్లలో ఎన్నిసార్లు విన్నాం! ఆయన మదీనావాడు కాదు, అరబ్బే కాదు. మన కమిటీలో పక్క మొహల్లా నుంచి వచ్చి చేరిన కిరాయిదార్ ఏదైనా అంటే "నువ్వు కొత్తవాడివి భాయ్, నీకు తెలియదు" అంటారు. అదే నోటితో.

ఇక మంచి కమిటీ ఒకటి చెప్పుకోవాలి, అంతా రోనా అయితే మీరూ చదవరు. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైనప్పుడు చదువంతా ఉర్దూలో అన్నారు. మరి రసాయన శాస్త్రం, న్యాయం, వైద్యం ఉర్దూలో చెప్పడానికి కితాబులేవీ? దానికోసం 1917లోనే దారుల్ తర్జుమా పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాని మొదటి నాజిమ్. తర్జుమా చేయాలంటే ముందు ఇస్తిలాహాత్ కావాలి, అంటే పారిభాషిక పదాలు. వాటికి కమిటీలు వేశారు. ఒక పక్క ఆ ఇల్మ్ తెలిసినవాళ్లు, ఇంకో పక్క జబాన్ తెలిసినవాళ్లు. రెండో పక్క నజ్మ్ తబాతబాయి, వహీదుద్దీన్ సలీమ్ లాంటి మహానుభావులు. వాళ్లేమీ మెత్తగా "హాజీ, హాజీ" అనుకోలేదు. పదాలు అరబీ ధాతువుల నుంచే తీయాలని కొందరు, ఉర్దూ తన సొంత ఢంగులో, హిందీ ప్రత్యయాలు కూడా కలుపుకుని పదాలు చేసుకోవచ్చని కొందరు. సలీమ్ సాబ్ రెండో వర్గం. ఆ వాదనను ఆయన "వజ్‌ఎ ఇస్తిలాహాత్" అని ఏకంగా ఒక కితాబుగానే రాశారు.

నేను ఉర్దూ మీడియంలో చదివాను. కిరణజన్య సంయోగక్రియ నాకు మొదట "జియాయీ తాలీఫ్"గా పరిచయం. కాలేజీకొచ్చి తెలుగులో అదే సంగతి చదివినప్పుడు రెండు జబానుల్లోనూ ఎవరో కూర్చుని ఈ మాట కోసం కొట్లాడుకుని ఉంటారు కదా అనిపించింది. అలాంటి కమిటీ ఎందుకు పనిచేస్తుందంటే నా లెక్కలో కారణం ఒకటే. ముందున్న సవాలు తెగాలి. పదం తేలకపోతే పేజీ కదలదు, పేజీ కదలకపోతే క్లాసులో పాఠం ఆగుతుంది. ఇఖ్తెలాఫ్ ఉంటే ఉండనీ, చివరికి ఒక పదం కాగితం మీదికి రావాలి. దారుల్ తర్జుమా నుంచి వందల పుస్తకాలు వచ్చాయి. మన షాదీఖానా కమిటీకి అలాంటి పేజీ ఏదీ ముందుండదు. అందుకే ఎన్ని మీటింగులైనా ఎవరికీ ఏమీ ఆగినట్టు అనిపించదు.

మా అఖ్బారు దఫ్తర్లలోనూ ఇదే కనిపిస్తుంది. సాయంత్రం మొదటి పేజీలో ఏముండాలో తేల్చే మీటింగు ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, సగంమంది నిలబడే ఉంటారు. రాత్రికి మిషన్ తిరగాలి కదా. అదే బిల్డింగులో, అదే మనుషులతో, వారానికోసారి "రివ్యూ" అని ఒకటి జరుగుతుంది. రెండు గంటలు. అందులో ఒక మేనేజర్ తెరమీద చూపించిన లెక్కలకూ మా పనికీ ఏం సంబంధమో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే ఇంకో అరగంట అవుతుందని భయం.

వేళ గురించి ఒక మాట. ఇషా తర్వాత మీటింగు పెట్టకండి. ఇషా తర్వాత ఏమీ లేదు, ఫజ్ర్ దాకా కూర్చోవచ్చు. ఇత్వార్ నాడు అస్ర్‌కూ మగ్రిబ్‌కూ మధ్య పెట్టండి. గంటో గంటన్నరో దొరుకుతుంది, మగ్రిబ్ అజాన్ దానంతటదే మీటింగు ముగిస్తుంది. అజాన్‌ను ఏ సదర్ సాబూ "ఒక్క ఐదు నిమిషాలు" అని ఆపలేడు. కూలికి పోయేవాళ్లు రాగలరు, ఔరతులు వెలుగుండగానే ఇంటికి చేరతారు. ఇక ఖర్చు లెక్కలు, పిల్లల సంగతులు మొదట తీయండి, శాలువాలు, ఫ్లెక్సీలు అజాన్‌కు పది నిమిషాల ముందుకు వదిలేయండి. ఆ పది నిమిషాల్లో తేలకపోతే శాలువా లేకుండానే మెహమాన్ వస్తాడు, ఏమీ కాదు.

"మనమంతా ఘర్‌కే లోగ్, కంపెనీవాళ్లలాగా నోటీసులు, ఖానూన్లు ఎందుకు?" అని ఎవరైనా అంటారు. ప్రతి మొహల్లాలో ఈ మాట అనే పెద్దమనిషి ఒకరుంటారు. కంపెనీల చట్టం డైరెక్టర్ల మీటింగుకు కనీసం ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వమంటుంది. లాభం కోసం కూర్చునేవాళ్లకే ఏడు రోజుల ఎహతియాత్ అవసరమైతే, చందాల పైసలూ పిల్లల బడీ చూసేవాళ్లకు అక్కర్లేదా? ఇంటివాళ్లం కాబట్టే ఎక్కువ కావాలి. ఇంటివాళ్ల మధ్య "కాదు" అనడం కష్టం. ఎదురుగా ఉన్నది మామూ, పక్కనున్నది సమధీ. చేతులెత్తమంటే రిష్తా చెడుతుందని ఖామోష్‌గా ఉంటారు. ఆ ఖామోషీని "ఇత్తెఫాఖె రాయ్‌తో మంజూర్" అని రాసుకుంటాం. నా మట్టుకు నాకు పన్నెండుమందిలో ఐదుగురు వ్యతిరేకించి, ఏడుగురి మాట మీద జరిగిన ఫైసలా మీద ఎక్కువ నమ్మకం. ఆ ఐదుగురి పేర్లూ, వాళ్ల వజహ్ కూడా రూదాద్‌లో రాసుంటే ఇంకా నమ్మకం.

ఖానూన్లతో ఆడుకునేవాళ్లు లేరని కాదు. ప్రతి కమిటీలో ఒక వకీల్ సాబ్ ఉంటాడు, వకీలు కాకపోయినా సరే. కోరం లేదని, నోటీసులో తారీఖు తప్పని నచ్చని ప్రతి ఫైసలానూ ఆపుతాడు. అలాంటివాడు దొరికితే సబ్ర్ ఒక్కటే. కానీ వకీల్ సాబ్ ఆపిన పని ఎందుకు ఆగిందో కనీసం అందరికీ తెలుస్తుంది, వరండాలో ఆగిన పని గురించి అదీ తెలియదు.

రూదాద్ దగ్గరే అసలు కథంతా ఉంది. మోతమద్ సాబ్ ఇంటికి పోయి తీరిగ్గా రాసేది రూదాద్ కాదు. అక్కడే రాయాలి, లేచేముందు అందరికీ వినిపించాలి. చదవడం రానివాళ్లు ఉన్నారు కాబట్టి గట్టిగా చదవాలి, ఉర్దూలోనో తెలుగులోనో వాళ్లకు తెలిసిన జబానులో. విన్న తర్వాతే వేలిముద్ర. ప్రతి మాట పక్కన ఇద్దరే కావాలి: చేసే మనిషి పేరు, అయ్యే తారీఖు. "గొళ్లెం, హెడ్‌మాస్టర్ సాబ్, పదిహేనో తారీఖు." అది రాసుంటే మరుసటి మీటింగు దానితోనే మొదలవుతుంది, ఖాలా మళ్లీ అడగాల్సిన పని లేదు. పేజీని ఫోన్‌లో ఫొటో తీసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టండి. గుడ్ మార్నింగ్ గులాబీల మధ్య అదీ ఒకటి.

ఆఫీసుల్లో, కాలేజీల్లో పనిచేసే మన బేటీల కోసం ఇంకో కమిటీ సంగతి. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా ఇంటర్నల్ కమిటీ ఉండాలి. సదర్ ఒక సీనియర్ ఔరత్, సగానికి తగ్గకుండా ఔరతులు, బయటి నుంచి ఒక సభ్యురాలో సభ్యుడో. విచారణకు సదర్‌తో కలిపి కనీసం ముగ్గురు కూర్చోవాలి, తొంభై రోజుల్లో ముగించాలి. మీ అమ్మాయి కాలేజీలో గోడమీద ఆ పేర్లు అంటించి ఉన్నాయా అని అడగండి. పేర్లుంటే వాళ్లెప్పుడైనా కలిసి కూర్చున్నారా అని అడగండి. దస్తఖత్‌ల కమిటీ ఎక్కడున్నా నష్టమే. ఇక్కడ మాత్రం ఆ నష్టం ఒక పిల్ల నౌకరీ, ఒక పిల్ల చదువు.

సర్కారీ బడి కమిటీ రిజిస్టరు హెడ్‌మాస్టర్ సొంత డైరీ కాదు. అడిగితే చూపించాలి. చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద దరఖాస్తు పెట్టొచ్చు, ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. దరఖాస్తు ఉర్దూలో రాస్తామని కొందరు పట్టుబడతారు, మంచిదే. నేనైతే తెలుగులో రాయమంటాను, తర్జుమా పేరుతో వాళ్లకు ఇంకో నెల దొరక్కుండా. గడిచిన ఏడాది మీటింగుల తారీఖులు, హాజరైనవాళ్ల పేర్లు, ప్రతి తీర్మానం మీద జరిగిన అమల్, ఈ మూడు అడగండి చాలు.